ప్యాలెస్ ఆన్ వీల్స్: గణతంత్రం నడిపిన రాచబండి

ప్యాలెస్ ఆన్ వీల్స్ రాజస్థాన్‌లోని కోటలనూ రాజప్రాసాదాలనూ ఎడారి పట్టణాలనూ ఏడు రాత్రులు, ఎనిమిది పగళ్లలో చుట్టివచ్చే విలాస పర్యాటక రైలు. భారతీయ రైల్వే, రాజస్థాన్ పర్యాటకాభివృద్ధి సంస్థ కలిసి 1982 జనవరి 26న దీన్ని ప్రారంభించాయి. ఎండలు ముదరని సెప్టెంబరు – ఏప్రిల్ నెలల మధ్య ఇది నడుస్తుంది. బుధవారం సాయంత్రం ఢిల్లీలో బయలుదేరి జైపూర్, సవాయ్ మాధోపూర్, చిత్తోడ్‌గఢ్, ఉదయపూర్, జైసల్మేర్, జోధ్‌పూర్, భరత్‌పూర్, ఆగ్రా చూపించి మరుసటి బుధవారం ఉదయానికి తిరిగి ఢిల్లీ చేరుస్తుంది. మహారాజులు ప్రయాణించిన రైలు మన కాలం దాకా మిగిలి వచ్చిందనీ, టికెట్ కొన్నవారికి ఆ వైభవంలో వారం రోజుల వాటా దొరుకుతుందనీ దీని గురించి సాధారణంగా చెబుతుంటారు. ఈ మాటలో కొంత నిజం ఉంది కానీ, అసలు విషయం మరుగున పడుతోంది. ఈ రైలును నడపాలని తలపెట్టింది ఏ రాజూ కాదు, సంస్థానాలను విలీనం చేసుకుని, రాజభరణాలను రద్దు చేసిన ప్రజాప్రభుత్వమే. తొలి ప్రయాణానికి గణతంత్ర దినోత్సవాన్నే ముహూర్తంగా ఎంచుకుంది. రాచరికాన్ని రద్దు చేసిన గణతంత్రం దాని జ్ఞాపకాన్ని ఏ రూపంలో దాచుకోదలచిందో తెలిపే చారిత్రక పత్రంగా ఈ రైలును చదవాలి. అలా చదివితేనే అది చూపేదీ, చూపకుండా వదిలేసేదీ రెండూ అర్థమవుతాయి.

దీనికి మొదటే ఒక అభ్యంతరం వస్తుంది. 1982లో పట్టాలెక్కిన పెట్టెలు నిజంగా రాజుల సెలూన్లే కదా అని. నిజమే. రాజపుతానా, గుజరాత్ సంస్థానాధీశుల సెలూన్లు, హైదరాబాద్ నిజాం సెలూన్, బ్రిటిష్ వైస్రాయ్ సెలూన్ వంటి వాటిని కూర్చి ఆ తొలి రైలును తయారుచేశారు. సంస్థానాల కాలంలో సెలూన్ అంటే ఒక కదిలే దివాణం. పడకగది, స్నానపుగది, విందుబల్ల, సేవకుల అర అన్నీ ఒకే పెట్టెలో ఇమిడేవి. రాణివాసం పరదా దాటకుండా ప్రయాణించే ఏర్పాటూ ఉండేది. అయితే ఈ పెట్టెలు రాజుల చేతుల్లోంచి నేరుగా పర్యాటకుల చేతుల్లోకి రాలేదు. 1950 ఏప్రిల్ 1న సంస్థానాల రైల్వేలు భారతీయ రైల్వేలో కలిసిపోయాయి. ఆ తర్వాత మూడు దశాబ్దాల పాటు ఇవి ప్రజల ఆస్తి. పైగా వీటి యజమానులు ఎన్నడూ ఒకే రైల్లో వరుసగా ప్రయాణించినవారు కారు. ఎవరి పెట్టె వారిది, ఎవరి మర్యాద వారిది. మేవాడ్ మహారాణా ఫతేసింగ్ 1911లో ఢిల్లీ దాకా వెళ్లి కూడా చక్రవర్తి దర్బారులో కూర్చోకుండా వెనుదిరిగారు. ఆసనాల వరుస అంటే ఆనాడు అంత పట్టింపు. నిజాం సెలూన్‌నూ రాజపుత్ర రాజుల సెలూన్లనూ ఒకే ఇంజను వెనుక తగిలించగలగడం సంస్థానాలు అంతరించాకే సాధ్యమైంది. పెట్టెలు పాతవే, వాటిని కలిపిన కొక్కెం మాత్రం కొత్తది.

ఆ పాత పెట్టెలు కూడా ఎక్కువ కాలం నడవలేదు. ఏసీ లేని, అరవై డెబ్బై ఏళ్ల నాటి కొయ్య సెలూన్లను వారం వారం తిప్పడం కష్టం. 1991లో కొత్త పెట్టెలతో రైలును మార్చారు. అప్పటికి రాజస్థాన్ మార్గాలు చాలావరకు మీటర్ గేజ్. 1,000 మిల్లీమీటర్ల ఆ సన్న పట్టాలను 1,676 మిల్లీమీటర్ల బ్రాడ్ గేజ్‌గా మార్చే జాతీయ పథకం 1992లో మొదలైంది. దాని ఫలితంగా 1995లో ఈ రైలు కూడా బ్రాడ్ గేజ్ పెట్టెలతో మూడోసారి పుట్టింది. 2009లో మళ్లీ ముస్తాబు చేశారు. అంటే మూడు దశాబ్దాలుగా ప్రయాణికులు ఎక్కుతున్నది ఏ రాజూ ఎక్కని రైలు. పద్నాలుగు పెట్టెలకు అల్వర్, భరత్‌పూర్, బికనీర్, బూందీ, ధోల్‌పూర్, డూంగర్‌పూర్, జైసల్మేర్, జైపూర్, ఝాలావాడ్, జోధ్‌పూర్, కిషన్‌గఢ్, కోటా, సిరోహి, ఉదయపూర్ అని పాత సంస్థానాల పేర్లు పెట్టారు. భోజనశాలలు మహారాజా, మహారాణి. గదికి కావలసినవి చూసే సహాయకుణ్ణి ఖిద్మత్‌గార్ అంటారు. ఈ పేర్ల వరుసను కాస్త ఆగి చూడాలి. బ్రిటిష్ వారి లెక్కలో ఉదయపూర్‌కు 19 తుపాకుల వందనం, జైపూర్, జోధ్‌పూర్, బికనీర్‌లకు 17, జైసల్మేర్‌కు 15. ఆ తేడాల కోసం దశాబ్దాల తరబడి ఉత్తరప్రత్యుత్తరాలు నడిచాయి. ఈ రైల్లో మాత్రం ఒక్కో సంస్థానానికి ఒక్కో పెట్టె. పెద్దాచిన్నా తేడా లేదు. పద్నాలుగూ కలిసి వెళ్లేది ఢిల్లీ నుంచి ఢిల్లీకి. రాజస్థాన్ రాష్ట్రావతరణను పర్యాటక భాషలోకి మారిస్తే ఇలాగే ఉంటుంది.

అసలు ఈ ఎడారికి పట్టాలు ఎందుకొచ్చాయన్న ప్రశ్నకు జవాబు రాజప్రాసాదాల్లో దొరకదు, ఉప్పు మడుల్లో దొరుకుతుంది. జైపూర్, జోధ్‌పూర్ రాజ్యాలు ఉమ్మడిగా అనుభవించిన సాంభర్ సరస్సును బ్రిటిష్ ప్రభుత్వం 1870 ప్రాంతంలో కౌలుకు తీసుకుంది. 1879 నాటి ఒప్పందాలతో రాజపుతానా ఉప్పు ఉత్పత్తిపై దాదాపు పూర్తి పెత్తనం సంపాదించింది. ఢిల్లీ, ఆగ్రాల నుంచి రాజపుతానాలోకి వచ్చిన తొలి మీటర్ గేజ్ మార్గాల ముఖ్య ప్రయోజనాల్లో ఈ ఉప్పు రవాణా ఒకటి. సైనికుల తరలింపు, కరువు వేళల్లో ధాన్యం చేరవేత మిగతా కారణాలు. సంస్థానాలు తమ సొంత పట్టాలు వేసుకున్నది ఆ తర్వాతే. జోధ్‌పూర్ రాజ్యం 1882లో ఖార్చీ నుంచి పాలీకి తన తొలి మార్గాన్ని తెరిచింది. ఆ ఖార్చీయే నేటి మార్వాడ్ జంక్షన్. 1885కు రైలు జోధ్‌పూర్ చేరింది. అజ్మీర్ రైల్వే కర్మాగారంలో 1895లో భారతదేశంలోనే తొలిసారిగా ఒక ఆవిరి ఇంజను తయారైంది. ఈ కథలో నష్టపోయినవారూ ఉన్నారు. ఎద్దుల బిడారులతో ఉప్పు, ధాన్యం మోసిన బంజారాల బతుకుతెరువును రైలు తుడిచిపెట్టింది. మొగలు సేనలకు సరుకులు మోస్తూ దక్కనుకు దిగివచ్చి ఇక్కడే తండాలు కట్టుకున్న లంబాడీలు ఆ సంచారుల సంతతే. వారి లభాన్ అన్న పేరు లవణం నుంచి వచ్చిందని చెబుతారు. తెలంగాణ, ఆంధ్ర పల్లెల్లో తండాలు ఉండడానికీ, రాజస్థాన్ ఎడారిలో బిడారులు లేకపోవడానికీ మధ్య ఉన్న దారిలో ఈ పట్టాలు కూడా ఉన్నాయి. పర్యాటకులు పడవ షికారు చేసే ఉదయపూర్ పిఛోలా చెరువును 14వ శతాబ్దిలో మొదట కట్టించినవాడు ఒక బంజారా వర్తకుడని స్థానిక సంప్రదాయం. రాజధాని వెలిసింది అంతకు రెండు శతాబ్దాల తర్వాత.

రాచరికపు జ్ఞాపకం ప్రభుత్వ వ్యవహారంగా మారిన క్రమానికి తేదీలే సాక్ష్యం. విలీనానికి ప్రతిఫలంగా రాజులకు ఇచ్చిన రాజభరణాలను, గుర్తింపును 1970లో రాష్ట్రపతి ఉత్తర్వుతో తీసివేస్తే ఆ ఏడాది డిసెంబరులోనే సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. 1971లో 26వ రాజ్యాంగ సవరణతో అవి శాశ్వతంగా పోయాయి. వందల గదుల భవనాలకు పైకప్పులు బాగుచేయించే ఆదాయం అంతకు ముందే తగ్గుతూ వచ్చింది. దూరం చూసినవారు ముందే దారి వెతుక్కున్నారు. జైపూర్ రాంబాగ్ ప్యాలెస్ 1950లలోనే హోటల్ అయింది. 18వ శతాబ్ది నడుమ రెండో జగత్‌సింగ్ పిఛోలా మధ్య కట్టించిన జగ్‌నివాస్‌ను మహారాణా భగవత్‌సింగ్ 1963లో లేక్ ప్యాలెస్ హోటల్‌గా మార్చారు. మెహ్రాన్‌గఢ్ కోట సంరక్షణకు 1972లో ట్రస్టు ఏర్పడింది. 1979లో రాష్ట్ర పర్యాటకాభివృద్ధి సంస్థ వచ్చింది, మూడేళ్లకు ఈ రైలు వచ్చింది. యూరప్‌లో పాత ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ పెట్టెలను కొని బాగుచేయించి ఒక ప్రైవేటు వ్యాపారి మళ్లీ నడిపించింది కూడా 1982లోనే, మే నెలలో. అంటే భారత ప్రభుత్వ సంస్థలు దానికి నాలుగు నెలలు ముందున్నాయి. విమానాలు దూరప్రయాణాన్ని గెలుచుకున్న కాలంలో, నిదానమే ఒక సరుకని ఇద్దరూ విడివిడిగా గ్రహించారు. తేడా ఒక్కటే: అక్కడ ఆ ఆలోచన ఒక సంపన్నుడి పెట్టుబడి, ఇక్కడ రెండు ప్రభుత్వ సంస్థల ఉమ్మడి నిర్ణయం.

ప్రజల సొమ్ముతో నడిచే సంస్థలు లక్షల రూపాయల టికెట్ పెట్టి, వంద మందికి అటూ ఇటూ ప్రయాణికుల కోసం దివాణపు సేవను ఆడించడం గణతంత్రానికి తగునా అన్నది బలమైన ప్రశ్న. సమానత్వం కోసం రాజభరణాలు రద్దు చేసిన ప్రభుత్వమే మళ్లీ తలపాగా చుట్టి వంగి నమస్కరించే ఉద్యోగాన్ని సృష్టించిందన్న విమర్శను తేలిగ్గా తోసిపుచ్చలేం. విదేశీ మారకం వస్తుందన్నది మొదటినుంచీ వినిపించే సమాధానం. అది సరిపోదు. ఆదాయం వచ్చే ప్రతి పనీ ప్రభుత్వం చేయదగినది కాదు. మెరుగైన సమాధానం పట్టాల్లోనే ఉంది. గేజ్ మార్పిడి ఈ రైలు కోసం జరగలేదు. సరుకు కోసం, సామాన్య ప్రయాణికుల కోసం జరిగింది. విలాస రైలు దాన్ని అనుసరించి తన పెట్టెలు మార్చుకోవలసి వచ్చింది. రాజుల కాలంలో సెలూన్ కోసం మామూలు బండి పక్కకు తప్పుకునేది. ఇప్పుడు సెలూన్ల బండే ప్రజారైలు టైంటేబుల్‌లో ఖాళీ చూసుకుని నడుస్తుంది. ఎక్కువగా రాత్రిపూటే కదలడానికి కారణం పగలు ఊళ్లు చూపించాలనే అయినా, ఆ ఏర్పాటు మొత్తం జనం రైల్వే మీద ఆధారపడిందే. అందుకే విలాసం ఉందన్నదాని కన్నా, ఆ విలాసం చెప్పే చరిత్ర సగమే కావడాన్ని ప్రశ్నించడం ఎక్కువ అవసరం. ప్రైవేటు హోటల్ తన గోడల మీద తనకు నచ్చిన కథ రాసుకోవచ్చు. ప్రభుత్వ రైలుకు ఆ వెసులుబాటు ఉండకూడదు.

సగం కథ అనడానికి మొదటి ఆధారం భూగోళమే. ప్రచారంలో ఇది ఎడారి రైలు. కానీ ఆరావళి కొండలు రాజస్థాన్‌ను వాయవ్యం, ఆగ్నేయం అని రెండు ముక్కలు చేస్తాయి. థార్ ఎడారి వాయవ్యంలో ఉంది. దారిలోని ఊళ్లలో జైసల్మేర్ నిండా ఎడారిలో ఉంది, జోధ్‌పూర్ దాని అంచున ఉంది. ఉదయపూర్ చెరువుల ఊరు, సవాయ్ మాధోపూర్ పులుల అడవి, భరత్‌పూర్ చిత్తడి నేల. అన్నిటినీ ఎడారి, ఒంటె, రాజు అనే మూడు బొమ్మల కిందికి తేవడం వల్ల అసలైన ఎడారి పట్టణం ప్రత్యేకత కనిపించకుండా పోతుంది. ఏడాదికి 200 మిల్లీమీటర్ల లోపే వాన పడే చోట వేల మంది ఎనిమిది శతాబ్దాల పాటు ఎలా బతికారన్నదే జైసల్మేర్‌లో అడగవలసిన ప్రశ్న.

ఈ ఊరిని రావల్ జైసల్ 1156లో స్థాపించాడని చెబుతారు. త్రికూట గుట్ట మీద 99 బురుజులతో, పసుపు ఇసుకరాతితో కట్టిన కోట అది. ఇప్పటికీ లోపల వేల మంది కాపురముంటున్నారు. కానీ చూపు తిప్పుకోనివ్వని కట్టడాలు కోట కింద, బజారులో ఉన్నాయి. వాటిని కట్టించినవారు రాజులు కారు. పట్వా హవేలీలను గుమాన్‌చంద్ పట్వా అనే వర్తకుడు 1805లో మొదలుపెట్టించాడు. జరీ, వెండి బంగారాల వ్యాపారంతో ఎదిగిన ఆ కుటుంబంలో ఐదుగురు కొడుకులకు ఐదు హవేలీలు లేచాయి. సాలింసింగ్ హవేలీ, నథ్‌మల్ హవేలీ దివానులవి. రాతిని తెరలా చెక్కిన ఆ ఝరోకాల వెనుక ఉన్నది సింధు, గుజరాత్, మధ్య ఆసియాల మధ్య నడిచిన ఒంటెల బిడారుల సంపద. బొంబాయి, కరాచీ రేవులు పెరిగి సరుకు సముద్రం మీదికి, రైలు మీదికి మళ్లాక ఆ సంపద ఆగిపోయింది. 1947లో సరిహద్దు పడి పడమటి దారి పూర్తిగా మూసుకుపోయింది. జైసల్మేర్‌కు రైలు వచ్చింది 1960ల చివర్లో. 1965 యుద్ధం సరిహద్దుకు దారి అవసరాన్ని గట్టిగా గుర్తుచేశాక పోకరణ్ నుంచి పట్టాలు పొడిగించారు. పర్యాటకులు ‘రాజుల కాలపు’ ఊరికి చేరే ఆ మార్గం వయసు ఈ రైలు కన్నా సుమారు పదిహేనేళ్లే ఎక్కువ. జైసల్మేర్ రాజు ఎవరూ తన సెలూన్‌లో తన ఊరి స్టేషన్‌లో దిగే అవకాశం సంస్థానం ఉన్నంతకాలం లేదు. ఆ పేరుతో పెట్టె మాత్రం ఉంది.

నీటి సంగతి ఇంకా లోతైనది. ఊరికి 14వ శతాబ్ది నాటి గడీసర్ చెరువు ఆధారం. చుట్టుపక్కల పాలీవాల్ బ్రాహ్మణులు ఖడీన్ పద్ధతిలో సేద్యం చేశారు. పల్లంలో పొడవాటి మట్టికట్ట వేసి, రాతి గుట్టల మీంచి జారే కొద్దిపాటి వాననీటిని పొలంలోనే నిలబెట్టి, అది ఇంకాక ఆ తడిలో గోధుమ, శనగ పండించే పద్ధతి అది. ఇందిరాగాంధీ కాలువ ద్వారా పంజాబ్ నదుల నీరు ఈ జిల్లాకు వచ్చాక గడీసర్ మీద ఆధారపడవలసిన అవసరం పోయింది. అయితే కోటను కట్టినవారు కడవల లెక్కన నీళ్లు వాడే జనం కోసం కట్టారు. కుళాయిలు వచ్చి, కోటలో అతిథిగృహాలు పెరిగి, మురుగు సరిగా బయటికి పోక, గుట్ట అడుగున ఉన్న మెత్తని పొరలు తడిసి 1990లలో కొన్ని బురుజులు కూలాయి. అంతర్జాతీయ పరిరక్షణ సంస్థలు దీన్ని ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చాయి. 2013లో చిత్తోడ్‌గఢ్, కుంభల్‌గఢ్, రణథంభోర్, గాగ్రోన్, ఆమేర్ కోటలతో కలిపి యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు ఇచ్చింది. ఎడారి కోటకు నీటి కొరత కాక నీరు ఎక్కువ కావడమే ముప్పు అయిందంటే, దాన్ని నిలబెట్టిన జ్ఞానం రాళ్లలో కన్నా నీటిని వాడుకున్న తీరులో ఉందన్నమాట. ఆ జ్ఞానానికి ఈ రైల్లో పెట్టె లేదు.

జోధ్‌పూర్‌లో ఇదే వాదనకు మరింత గట్టి రుజువు దొరుకుతుంది. రావ్ జోధా 1459లో పునాది వేసిన మెహ్రాన్‌గఢ్ ఊరికి వంద మీటర్లకు పైగా ఎత్తున నిటారు బండ మీద నిలబడి ఉంటుంది. ఎదుటి గుట్టపై కనిపించే ఉమైద్ భవన్ మాత్రం 20వ శతాబ్దిది. 1929లో మొదలై 1943లో పూర్తయింది. హెన్రీ వాన్ లాంచెస్టర్ అనే ఆంగ్ల వాస్తుశిల్పి రూపకల్పనలో 347 గదులతో లేచింది. మార్వాడ్‌లో వరుస అనావృష్టి వచ్చినప్పుడు మహారాజా ఉమైద్‌సింగ్ దీన్ని కరువు పనిగా మొదలుపెట్టించారు. వేల మంది రైతులు, కూలీలు పదేళ్లకు పైగా దీని మీద బతికారు. గని నుంచి రాయి తేవడానికి ప్రత్యేకంగా మీటర్ గేజ్ పట్టాలు వేశారు. సున్నం లేకుండా రాతికి రాయి కొలుకు వేసి అమర్చారు. ఇది రాజు దయకు గుర్తా, కరువులో సైతం రాజు తనకోసమే కట్టించుకున్నందుకు గుర్తా అన్న వాదం ఉంది. రెండూ నిజమే. అదే డబ్బుతో చెరువులు తవ్వించవచ్చన్నది న్యాయమైన మాట. అదే కాలంలో బికనీర్ మహారాజా గంగాసింగ్ సట్లెజ్ నీటిని ఎడారిలోకి తెచ్చే గంగా కాలువను 1927లో తెరిపించాడు కూడా. కాలువతో భూమి సాగైంది, ప్రాసాదంతో ఆ పూటకు కూలి దొరికింది. ఇవాళ దానిలో ఒక భాగం హోటల్, ఒక భాగం మ్యూజియం, తక్కినది వంశీయుల నివాసం. చూడవచ్చేవారికి 347 అన్న అంకె చెబుతారు. విక్రమ శకం 1956లో, అంటే క్రీ.శ. 1899–1900లో, మార్వాడ్‌ను ఊడ్చిన ఛప్పనియా కరువు జ్ఞాపకం ఎంత దగ్గరగా ఉన్నప్పుడు ఈ కట్టడం లేచిందో చెప్పకపోతే ఆ అంకెకు అర్థం లేదు.

ఈ ఊరికి దగ్గర్లోనే ఖేజర్లీ గ్రామం ఉంది. 1730లో మహారాజా అభయ్‌సింగ్ కొత్త కట్టడానికి సున్నం కాల్చేందుకు కలప కావాలని మనుషులు గొడ్డళ్లతో ఆ ఊరికి వెళ్లారు. అమృతాదేవి అనే బిష్ణోయీ స్త్రీ చెట్టును కావలించుకుని తల ఇచ్చింది. ఆమె వెనుక మరెందరో నిలబడ్డారు. మొత్తం 363 మంది ప్రాణాలు పోయాక రాజు నరికివేత ఆపించాడు. ఆ చెట్టు ఖేజ్రీ, మన జమ్మి. రాజస్థాన్‌కూ తెలంగాణకూ రాష్ట్ర వృక్షం అదే. దసరా నాడు తెలుగువారు ప్రదక్షిణ చేసి ఆకు పంచుకునే చెట్టు కోసం ఎడారి పల్లెలో ఇంతమంది చనిపోయారని తెలిస్తే, రాజప్రాసాదం గోడలోని సున్నం మనకు వేరేగా కనిపిస్తుంది.

రాజులను ఇంతగా పక్కకు జరపడం కూడా అన్యాయమేనని ఇక్కడ ఎవరైనా అనవచ్చు. ఆ మాటకు బలం ఉంది. 1727లో సవాయ్ జైసింగ్ లేకపోతే జైపూర్ లేదు. గళ్లు గీసినట్టు తీర్చిన ఆ వీధుల వెనుక విద్యాధర్ భట్టాచార్య శాస్త్రజ్ఞానం ఉంటే, ఆ జ్ఞానాన్ని గుర్తించి రాజధానినే అప్పగించిన రాజు చూపు కూడా ఉంది. జంతర్ మంతర్ యంత్రాలు ఒక రాజు తానే ఖగోళ గణితం నేర్చి కట్టించినవి. ఉదయపూర్ మేవాడ్ వంశం పట్టుదల ఫలం. చిత్తోడ్ 1303, 1535, 1567–68లలో మూడు ముట్టడులు చూసింది. చివరిదానికి కొద్ది ఏళ్ల ముందే రెండో ఉదయ్‌సింగ్ కొండల మధ్య కొత్త రాజధాని చూసుకున్నాడు. వీటిని కాదనవలసిన పని లేదు. కాదనవలసింది, రాజు తలపెట్టడాన్నే మొత్తం చరిత్రగా చూపించే అలవాటును. జైపూర్ గులాబీ నగరమైంది కూడా ఒక రాజు సౌందర్యదృష్టి వల్ల మాత్రమే కాదు. 1876లో వేల్స్ యువరాజు వస్తున్నాడని ఆ రంగు పూయించారు. సిటీ ప్యాలెస్‌లోని రెండు వెండి గంగాజలి పాత్రలు ఒక్కొక్కటి 345 కిలోలు. 1902లో లండన్ వెళ్లిన రెండో మాధోసింగ్ సముద్రం దాటినా గంగనీరే తాగాలని వాటిని ఓడలో వెంట తీసుకెళ్లాడు. చక్రవర్తి పట్టాభిషేకానికి వెళ్లక తప్పని పరిస్థితి, ఆచారం విడవలేని మనసు రెండూ ఆ వెండిలో ఉన్నాయి. ఆ రాచరికం వలస పాలన నీడలో బతికినదన్న సంగతి పాత్ర బరువు కన్నా ముఖ్యం.

ఈ రైలు తర్వాత వచ్చినవాటిని చూస్తే గణతంత్రపు ఎంపిక ఇదొక్కటే కానక్కర్లేదని తెలుస్తుంది. మహారాష్ట్ర దక్కన్ ఒడిస్సీ 2004లో, కర్ణాటక గోల్డెన్ చారియట్ 2008లో, రైల్వేల సొంత మహారాజాస్ ఎక్స్‌ప్రెస్ 2010లో వచ్చాయి. హంపి రాతిరథం పేరు పెట్టుకున్న గోల్డెన్ చారియట్ తన పెట్టెలకు కదంబ, హొయసల, శాతవాహన, బహమనీ, విజయనగర వంటి పాత రాజవంశాల పేర్లు పెట్టుకుంది. రాజస్థాన్ రైలు బ్రిటిష్ కాలపు సంస్థానాలను ఎంచుకుంటే, దక్షిణాది రైలు అంతకు ముందరి రాజ్యాలను ఎంచుకుంది. ఏ కాలాన్ని వారసత్వంగా చెప్పుకోవాలన్నది తేల్చుకోవలసిన విషయమేనని దీన్నిబట్టి రుజువవుతుంది. మహారాజాస్ ఎక్స్‌ప్రెస్ ఆగే బికనీర్‌లో ఇంకో సంగతి ఉంది. అక్కడి మహారాజా అనూప్‌సింగ్ ఔరంగజేబు సేనానిగా గోల్కొండ యుద్ధంలో పాల్గొన్నాడు, మన ఆదోనికి పాలకుడై 1698లో అక్కడే చనిపోయాడు. దక్కను నుంచి ఆయన సేకరించి పంపిన సంస్కృత తాళపత్రాలు, రాతప్రతులు బికనీర్‌లో ఆయన పేరిటి గ్రంథాలయంలో ఉన్నాయి. యుద్ధంలో చెదిరిన దక్కను విద్యలో కొంత ఒక ఎడారి కోటలో మిగిలింది. అలాగే మార్వాడ్ నుంచి బయలుదేరిన వర్తకులు హైదరాబాద్ బేగంబజార్‌లో దుకాణాలు తెరిచారు. తెలుగువారు ఉత్తరాది వ్యాపారుల్లో చాలామందిని మార్వాడీలనే పిలవడం అలా అలవాటైంది. రాజులు, వర్తకులు, బంజారాలు ముగ్గురూ ఎడారి నుంచి దక్కనుకు నడిచారు. పర్యాటక రైళ్ల కథనంలో వారిలో మొదటివారే కనిపిస్తారు.

కోవిడ్‌తో 2020లో ఆగిన ప్యాలెస్ ఆన్ వీల్స్ 2022లో మళ్లీ మొదలైంది. దాని ఏడో రోజు ఉదయం భరత్‌పూర్‌లో తెల్లవారుతుంది. అక్కడి కేవలాదేవ్ ఘనా 29 చదరపు కిలోమీటర్ల చిత్తడి నేల. కట్టలు, కాలువలతో నీరు నిలిపి రాజులు బాతుల వేటకు పెంచుకున్న చోటు. 1938 నవంబరు 12న వైస్రాయ్ లిన్‌లిత్‌గో వచ్చినప్పుడు ఒక్క రోజులో 4,273 పక్షులను కాల్చారు. స్వాతంత్ర్యం తర్వాత వేట ఆగింది. 1980ల ఆరంభంలో అది జాతీయ పార్కు అయింది, 1985లో ప్రపంచ వారసత్వ స్థలం అయింది. ఈ రైలు మొదలైన 1982లోనే పార్కులో పశువుల మేతను నిషేధించడంతో చుట్టుపక్కల గ్రామస్థులు నిరసనకు దిగారు, పోలీసు కాల్పుల్లో కొందరు చనిపోయారు. గేదెల మేత ఆగాక గడ్డి పెరిగి నీటిని కమ్మేసింది. మేత కూడా ఆ చిత్తడిని కాపాడిందని పరిశోధకులు తర్వాత గుర్తించారు. పార్కు లోపల శివాలయం దగ్గర రాతి పలకలు ఉన్నాయి. ఏ తేదీన ఏ వైస్రాయ్, ఏ దొర వచ్చాడో, ఎన్ని తుపాకులు, ఎన్ని పక్షులో వాటి మీద చెక్కి ఉంది. గణతంత్రం వాటిని తొలగించలేదు. రాజు పేరు, అతిథి పేరు, దానికైన ఖర్చు ఒకే రాతి మీద పక్కపక్కన చదవగలిగే చోటు ఈ మొత్తం దారిలో దాదాపు ఇదొక్కటే. మేత కోసం చనిపోయినవారి పేర్లు మాత్రం ఏ పలక మీదా లేవు.